పట్టపగలు గేటు లైటు

మార్చి 4

అమ్మ మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయింది. మగ్గం మీద కూర్చున్నానంటే నాకేదీ వినబడదు. ఆ చప్పుడులో ఇల్లు కూలినా తెలియదు. రొట్టెల అంగడి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపింది. కాలువ గట్టున కూర్చుని ఉందట, చెప్పులు పక్కన విప్పి పెట్టుకుని. కొండల్లో మంచు కరిగి కాలువ నిండా పారుతోంది. అమ్మ మాత్రం ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ తాగి గానీ కదలడానికి వీల్లేదంది. మతి పోయినా మర్యాద పోలేదు.

గేటుకి తాళం వేసెయ్యమని అందరూ అంటారు. మా మార్గిలాన్ ఊళ్ళో పగటిపూట గేటుకి తాళమా? సరే, అదీ ఒకరోజు చేసి చూశాను. అమ్మ తలుపు బాది బాది అరచేతులు కమిలిపోయాయి. నన్నెవరో ఎత్తుకొచ్చి పెట్టారు, విడిపించండి బాబూ అని వీధిలో పోయేవాళ్ళని బతిమాలింది. ఇక తాళం జోలికి పోను.

మార్చి 9

ఎలక్ట్రీషియన్ తోల్కిన్ వచ్చి గేటు లోపలి గోడకి మోషన్ సెన్సర్ బిగించాడు. అమ్మ అక్కడికి రాగానే గేటు లైటు వెలగాలి, ఆమెకి మెట్టు కనబడాలి. అదే క్షణంలో నా మగ్గం గదిలో గంట మోగాలి. రెండు పనులకి రెండు సెన్సర్లు కావాలేమో అన్నాను. ఎందుకక్కా, సెన్సర్ నుంచి వచ్చే వైరునే రెండు చేసి ఒకటి లైటుకీ ఒకటి గంటకీ ఇస్తా, లేస్తే రెండూ లేస్తాయి, పడుకుంటే రెండూ పడుకుంటాయి, కవలపిల్లలనుకో అన్నాడు.

సెన్సర్ అడుగున చిన్న మర ఉంది. ఒక పక్క సూర్యుడి బొమ్మ, ఇంకో పక్క చంద్రుడి బొమ్మ. చంద్రుడి వైపు తిప్పితే చీకట్లోనే, సూర్యుడి వైపు తిప్పితే పగలూ రాత్రీ పనిచేస్తుందట, సూర్యుడి వైపే పెట్టాడు. పగలు లైటు దండగే. కానీ గంట కావాలంటే లైటు తప్పదు.

మార్చి 10

పాలావిడ వచ్చినా గంటే, పిల్లి వచ్చినా గంటే. మోగినప్పుడల్లా మగ్గం ఆపి పరుగు. పట్టు పోగులు తెగిపోతున్నాయి, పని సాగడం లేదు. అయినా చాలా రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నాను.

మార్చి 14

పక్కింటి నుంచి రిసోలత్ అత్తయ్య వచ్చింది, నాన్నకి అక్క. వెలుగుతున్న గేటు లైటు చూసి అక్కడే ఆగిపోయింది. పట్టపగలు దీపమేంటే, ఈ ఇంట్లో శవమేదైనా లేచిందా అంది. మా వీధిలో చావింట్లోనే లైటు పగలూ రాత్రీ ఆర్పకుండా ఉంచుతారు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. లేని చావుని చేతులారా పిలుస్తావా, మీ అమ్మ ఆయుష్షంటే నీకంత అలుసైపోయిందా అంది. గంట కోసం అత్తయ్యా అని చెప్పబోయాను. గంటనెవరన్నారే, నేనన్నది దీపాన్ని అంది.

మార్చి 19, పదకొండు గంటలు

పొద్దున్నే రంగుల కోసం బజారుకి వెళ్ళాను, అత్తయ్య అమ్మకి కాపలా కూర్చుంది. తిరిగొచ్చి, ఆవిణ్ణి ఇంటికి పంపి మగ్గమెక్కాను. ఈరోజు ఒక్కసారి కూడా గంట మోగలేదు. ఎవరూ వచ్చినట్టు లేరు. జానెడు కాదు, మూరెడు నేశాను.

ఒంటిగంట

అమ్మ ఇంట్లో లేదు.

నాలుగు గంటలు

ఎక్కడా లేదు. మగవాళ్ళు కర్రలతో కాలువ వెతుకుతున్నారు. నన్ను దగ్గరికి రానివ్వడం లేదు, ఇంటికి పో, ఫోన్ దగ్గర ఉండు అంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని కావాలి.

సెన్సర్ కింద నిలబడి చేతులూపాను. లైటు లేదు, గంట లేదు. తోల్కిన్ పైకెక్కి చూసి, చంద్రుడి వైపుకి ఎవరు తిప్పారక్కా అన్నాడు. అత్తయ్య నేల మీద కూలబడింది. నేను బజారులో ఉన్నప్పుడు స్టూలెక్కి కత్తి మొనతో తిప్పిందట. పగలు దీపం పడుకుంటే చాలనుకున్నానే, దానితో గంట కూడా పడుకుంటుందని నాకేం తెలుసు అని తల బాదుకుంది. డెబ్బై దాటిన మనిషి, స్టూలెక్కిందంటే మా అమ్మ బతకాలనే. ఆవిణ్ణి ఏమని తిట్టను?

మార్చి 20

నిన్న సాయంత్రమే దొరికింది. కాలువ అవతలి వీధిలో, ఎన్నడూ చూడని వాళ్ళ ఇంట్లో. గేటు తెరిచి ఉంటే సలాం చెబుతూ లోపలికి వెళ్ళి కూర్చుందట. ఇంటికొచ్చిన పెద్దావిణ్ణి నువ్వెవరని అడగరు కదా, అడిగితే తప్పు. వాళ్ళూ అడగలేదు. మేము కాలువలో కర్రలు పొడుస్తున్నంతసేపూ వాళ్ళు అమ్మకి కొసరి కొసరి పులావ్ వడ్డించారు.

నన్ను చూసి అమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. ఎవరమ్మాయివి తల్లీ, ముఖం అలా పీక్కుపోయిందేం, కూర్చో, తిను అంది. ఆ ఇంటావిడ వైపు తిరిగి, పాపం ఈ పిల్లకి తల్లి లేనట్టుంది, నాలుగు మెతుకులు ఎక్కువ పెట్టమ్మా అంది.

తిన్నాను. ఇంకేం చెయ్యను?

మార్చి 23

అత్తయ్య ఇటు రావడం మానేసింది. నేనే వెళ్ళాను. ఇద్దరం ఏడ్చాం, టీ తాగాం. తోల్కిన్ వచ్చి లైటుకి వెళ్ళే వైరు మీద మాత్రం చీకటి పడితేనే కలిసే స్విచ్చొకటి పెట్టాడు. మరని సూర్యుడి వైపు తిప్పేశాడు. ఇప్పుడు గంట ఎప్పుడైనా మోగుతుంది, లైటు పొద్దుగూకితేనే వెలుగుతుంది. ఇంత చిన్న పని మొదటే ఎందుకు చెయ్యలేదని అడగాలనిపించింది. అడగలేదు. తట్టలేదని అతని ముఖమే చెబుతోంది.

అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయి. అమ్మ తప్ప.

మార్చి 28

చాలా రోజులు ఉన్నావమ్మా, మీ ఇంట్లో ఎదురు చూస్తుంటారేమో అంది అమ్మ. నొచ్చుకుంటానేమోనని మెల్లగా అంది. సంచిలో రెండు రొట్టెలు పెట్టి గేటు దాకా వచ్చి సాగనంపింది. లోపల మగ్గం గదిలో గంట మోగింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

వీధిలో కాసేపు నిలబడి మళ్ళీ లోపలికి వచ్చాను. అమ్మ ఎంతో సంబరపడింది. ఎన్నాళ్ళకొచ్చావు తల్లీ, రా రా అంది.