ఎర్ర కేకు చేసిన రోజు

అమ్మా, నా వంకర రాతా తప్పులూ చూసి నవ్వకు.

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. మార్కాపురంలో నీ సమాధి దగ్గర ప్రార్థన ఉంది. అత్తను మంచి చేసుకొని పంపమని అడుగుదామని, నువ్వు దొరసాని ఇంట్లో వంటకున్నప్పుడు చేసే ఎర్ర కేకు చేశాను. ఎరుపు తిరగాలని కోకో పొడిలో పులిసిన మజ్జిగా వంటసోడా వేశాను. గిన్నె కిందా మూత మీదా నిప్పులు పెట్టి కాల్చి, పొరల మధ్య మీగడ పూశాను. నీ అల్లుడు బండి కట్టి ఉంచాడు.

అత్త ఇష్టంగా తిన్నాక, "ఒక్కపూట పోయి వస్తాను అత్తా," అన్నాను.

"మీ అమ్మ యాడికీ పోదులే. సాయంత్రం పాస్టరయ్యను పిలుస్తా, ఇంకోటి చెయ్యి. ఇంక ప్రతి పండక్కీ నువ్వే చెయ్యాల," అన్నది.

ఆయన ఎడ్లను విప్పేశాడు.

సమాధి దగ్గరికి తెద్దామనుకున్న నీ ముక్క ఆకులో చుట్టే ఉంది. చదివినాక ఈ కాగితం కాల్చెయ్యమ్మా. మూత మీద నిప్పులు ఇంకా ఆరలేదు, వాటి మీదే పెడుతున్నా.