మగ్గం మీదున్నడు

బుధవారం

బాపు పోయి ఇరవై రోజులు. ఆ కబురు చెప్పడానికి ఈ రోజు బీమా కంపెనీకి ఫోన్ చేశాను. పాలసీ నంబరు చదివానో లేదో, అవతలి అమ్మాయి, "పాలసీ ఆయన పేరు మీదుంది మేడం, ఒకసారి ఆయనకు ఫోనిస్తారా?" అంది.

"మగ్గం మీదున్నడు, జర ఆగుండ్రి" అన్నాను.

చిన్నప్పటి నుంచి బాపు కోసం ఎవరొచ్చినా నేను చెప్పే మాట అదే. నడుమ లేస్తే చీర మీద నేసే పువ్వు సరిగ్గా కుదరదని ఆయన లేచేవాడు కాదు. ఆ అమ్మాయి సరేనంది. నేను నిజంగానే ఫోన్ పట్టుకొని మగ్గం దాకా నడిచాను. ఆయన కాళ్ళు దించి కూర్చునే గుంట ఖాళీ. సగం పువ్వు దగ్గర ఆగిన చీర మీద కిటికీ ఎండ నీళ్ళలా కదులుతోంది. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఇప్పుడే పక్కన పెట్టినట్టుంది. ఎంతసేపు నిలబడ్డానో, ఫోన్ ఎప్పుడు కట్టయిందో తెలియదు.

రేపు మళ్ళీ చేయాలి. పోయాడన్న మాట నోటికి ఎట్లా వస్తుందో...

అమ్మ అంతా విన్నది. చాయ్ గ్లాసు తెచ్చి మగ్గం పక్కన పెట్టింది.

"ఆ పువ్వు అయినంకనే లేస్తడు. నీకెర్కే గద" అంది.