పోస్ట్‌కార్డులో పెరగని పాప

సుధా,

నువ్వు అంతగా ఎదురుచూసిన మెయిల్ నిన్న జర్మనీలోని మ్యూజియం నుంచి వచ్చింది. నువ్వు ఇక లేవని అక్కడి ఆవిడకి తెలియదు. నీ పేరు పెట్టే రాసింది.

ఇక్కడ మన ఊరు ట్రాయ్‌లో, ఎవరో పోయాక వాళ్లింటి సామానంతా అమ్మే ఎస్టేట్ సేల్‌లో ఆ పాత ఫోటో పోస్ట్‌కార్డుల డబ్బా కొన్నావు. అప్పటినుంచి వాటిని అచ్చేసిన జర్మన్ ఆయనెవరో తెలుసుకోవాలని ఒకటే పట్టుదల నీకు. కార్డుల మీద పూలబుట్ట పట్టుకున్న పాప, ఒకదాంట్లో గులాబీ రంగు గౌను, ఇంకోదాంట్లో నీలం. వెనక నంబర్లు, తేదీలు చూసి వరసలో పేర్చి, "ఇన్నేళ్లలో ఈ పిల్ల కాస్త కూడా ఎదగలేదేంటి?" అనేదానివి.

ఆ పాప ఆయన కూతురేనట. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందట. ఆ తర్వాత కూడా ఆయన పాత నెగటివ్‌లే బయటికి తీసి, గౌనుకి వేరే రంగు వేయించి, ఏటా కొత్త కార్డు తెచ్చేవాడట.

ఆవిడకి థాంక్స్ అని మాత్రం జవాబిచ్చాను. నీ సంగతి రాయలేకపోయాను. మన మేఘనకి కూడా ఈ మెయిల్ గురించి ఇంకా చెప్పలేదు.

ఇవాళ అది, ఏటా మన ఫోటోతో అందరికీ పంపే హాలిడే కార్డు ఆర్డర్ చేయడానికి కూర్చుంది. "ఏ ఫోటో పెడదాం నాన్నా?" అని అడిగింది. పోయినేడాది మనం ముగ్గురం మంచులో దిగిందే పెట్టమన్నాను.

"అందులో నా పళ్లకింకా బ్రేసెస్ ఉన్నాయి నాన్నా."

ఇప్పుడు లేవు. ఎంత బాగుందో నువ్వు చూడలేదు.

అది ఆ ఫోటో వెతికి స్క్రీన్ మీదికి తెచ్చింది.

"ఓకే, అదే పెడతా. బార్డర్ కలర్ ఒక్కటి చేంజ్ చేద్దాం."