గైడులో లేని జంటలు

చోడవరం

చిరంజీవి సూర్యానికి,

మీ అన్నయ్య దీవెనలు. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. తెనాలి వదిలి వచ్చాక నా క్షేమం నువ్వు ఒక్కసారీ అడగలేదు గనక నేనే చెప్పుకుంటున్నాను.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. పొద్దున్నే చెరకు ట్రాక్టర్ల వెనక నడిచి స్కూలుకు వెళ్తాను. మెస్సు భోజనం సహిస్తోంది. సాయంత్రం మాట్లాడే మనిషి ఉండడు, పుస్తకాలున్నాయి. బాగానే ఉన్నాను.

నీ వ్యాసాల గైడు నాకంటే ముందే ఈ ఊరు చేరింది. మా హాస్టల్లో ఏజెన్సీ ఆడపిల్లలున్నారు. ఇంట్లో ఒరియా, బడిలో తెలుగు. నీ వ్యాసాలు పొల్లుపోకుండా అప్పజెబుతారు. సొంతంగా రాయమంటే 'ఆకలి తగిలింది, వాన అయింది' అని రాస్తారు. తెలివిలేక కాదు. తెలుగులో ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో వాళ్ళకెవరూ చెప్పలేదు.

గైడు మూయించాను. ఆదివారం సంతకో, బెల్లం వండే చోటుకో వెళ్ళి, విన్న మాటల జంట ఒకటి తెమ్మన్నాను. ఆకలి వేస్తుంది, వాన పడుతుంది, పాకం పట్టాలి, పొయ్యి రాజెయ్యాలి. ఆ జంటతో తమ ఇంటి సంగతి ఒక వాక్యం రాయాలి. అదే పాఠం.

కరస్పాండెంటు వచ్చాడు. "ఏటి మాస్టారూ, పరీక్షకి సంతలో మాటలేటండీ? గైడుంది కదా, బట్టీ కొట్టించండి."

"ఆ గైడు రాసినవాడికి అక్షరాలు దిద్దించింది నేనే."

"అయితే మరీ మంచిది."

కమల అనే పిల్లకు నీ వ్యాసాలు నోటికి రావు. తాను పెట్టే పరీక్ష తప్పితే ఆ పిల్లను వచ్చే ఏడు పదో తరగతిలో చేర్చుకోనన్నాడు కరస్పాండెంటు. ఇంటికి పంపితే, అక్క వెనకే జీడితోటల్లో పనికి పోవడమే.

'మా ఇల్లు' అని విషయం ఇచ్చాడు. నన్ను గదిలోకి రానివ్వలేదు. వరండాలోంచి చూస్తున్నాను. అందరూ పేజీలు నింపుతున్నారు. కమల కలం చాలాసేపు కదలలేదు.

అతను కాగితాలు అక్కడే పైకి చదివాడు. అందరి ఇళ్ళలోనూ ఒకే తాతగారు తెల్లవారుజామున లేచి యోగాసనాలు వేశాడు. నీ గైడులో తాతగారే. ఆ కొండల్లో ఆయనకేం పనో నువ్వే చెప్పాలి.

తర్వాత కమలది. 'అమ్మకు జ్వరం వచ్చింది. తమ్ముడికి ఆకలి వేసింది. నేను పొయ్యి రాజేశాను. వాన పడింది. పొయ్యి ఆరిపోయింది. తమ్ముడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.'

"ఇంతేనేటే గుంటా?"

"అంతే సారూ. ఆ రోజు మరేటీ అవ్వలేదు."

అతను కాగితం కింద పెట్టలేదు. "మరి మీ అమ్మకెలాగుంది?" అన్నాడు.

తాతగారి ఆరోగ్యం మాత్రం ఎవరినీ అడగలేదు.

కమలను పదిలో చేర్చుకుంటానన్నాడు. గైడు మాత్రం మాన్పించలేదు, నువ్వు బెంగపడకు. 'పిల్లలకు కావలసింది మార్కులు అన్నయ్యా, భాష కాదు' అని నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు. ఆ నలుగురికీ ఈ ఉత్తరం చదివి వినిపించు.

నా శాలువా పంపు. మరదలి చేతి గోంగూర కూడా. పిన్నికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన ఈ వయసులోనూ నాకు కావాలి. పిల్లలకు ముద్దులు. నేను బాగానే ఉన్నాను.

ఇది రాస్తుంటే కమల వచ్చి, "ఎవరికి రాస్తన్నారు సారూ?" అంది. గైడు రాసిన తమ్ముడికన్నాను.

"మరి కోపం చల్లారిందేటి?"

నేను నేర్పిన జంట కాదది. సంతలో విందట.

ఇంకా లేదన్నాను.

నీ అన్నయ్య,
రామం