సుమన పరీక్షకు తోడు

బాపూ,

నేను మొదటి షిఫ్టుకు పోతున్నాను. ఈరోజు నీ కోడలు సుమనను చీరల మూట విప్పనివ్వకు. చీరలకు రాళ్లు అతికించే పని రేపు చేసుకోవచ్చు, పని ఇచ్చే సేఠ్‌కు నేను చెప్పాను. ఎం.ఏ. ఇంగ్లీషు ఎంట్రన్స్ మధ్యాహ్నం రెండు గంటలకు, ఊరవతల కామ్‌రేజ్ కాలేజీలో. పన్నెండుకల్లా ఆటో మాట్లాడి నువ్వే వెంట తీసుకుపో. నాకు సెలవు దొరకలేదు.

"పెండ్లయినంక గీ చదువేంది?" అని నువ్వన్న మాట ఆమె విన్నది. అందుకే నిన్నటి సంగతి రాస్తున్నాను.

ఆమెను తీసుకురావడానికి పోయి కోచింగ్ క్లాసు తలుపు దగ్గర నిలబడ్డాను. సార్ ఏదో అడిగితే అందరూ ఒకే జవాబు చెప్పారు. సుమన ఒక్కతే లేచి, ఇంగ్లీషులో ఇంకేదో చెప్పింది. సార్ కాసేపు పుస్తకంలోకి చూసి, చప్పట్లు కొట్టాడు. నాకు ముక్క అర్థం కాలేదు. దారిలో అడిగాను.

"కవితల ఒకామె రోజూ రెండు కంచాలు పెడ్తది. మొగడు సచ్చిపోయిండని అందరన్నరు. రెండో కంచం మీద మూత పెట్టింది గద! సచ్చిపోయినోనికి మూతెందుకు? వస్తడనే గద పెట్టింది," అన్నది.

నలభై మంది చదివారు బాపూ. ఆ మూత మన సుమనకే కనపడింది.

సదానందం

మరచిపోయాను. ఆమెను ఆటోలోంచి దింపి వెంటనే తిరిగి రాకు, గేటు దగ్గరే ఉండు. లోపలికి పోతూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.