గాలి చొరబడని తలుపు

డిసెంబరు, మంగళవారం. మెట్టుగూడ.

హీటరు ఎంతసేపు పెట్టినా గదిలో వేడి నిలవడం లేదని నిన్న పగలంతా సందులు మూశాను. కొవ్వొత్తి వెలిగించి తలుపు చుట్టూ, కిటికీ చుట్టూ తిప్పాను. మంట ఊగిన చోటల్లా పాత సైకిలు ట్యూబు కోసి మేకులు కొట్టాను. రైలు పెట్టెల కిటికీలు ముప్పై ఏళ్ళు బిగించిన చెయ్యి ఇది. చివరికి మంట కదల్లేదు. హీటరు ఆపేసినా వెచ్చగానే ఉంది. నా భార్య మరియమ్మ పోయాక మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను.

పొద్దున పక్కింటి ఫాతిమా వచ్చింది. మా చర్చి బడిలోనే ఆయా.

"తాతా, రాత్రి మీ చర్చోళ్లు క్రిస్మస్ పాటలు పాడనీకి వచ్చిండ్రు. రెండు పాటలు పాడిండ్రు, తలుపు మస్తు కొట్టిండ్రు. ఎందుకు తియ్యలే?"

ఏడాదికొకసారి నా గడప తొక్కేది వాళ్ళే. వినపడలేదంటే ముసలోడికి చెవుడొచ్చిందని నవ్వుతుంది.

"వినపడ్డది. నేనే తియ్యలే. గంత మంది వస్తే ఇల్లు ఖరాబైతది" అన్నాను.

"గట్లనా! రేపు మళ్ల వస్తమని పాస్టరమ్మ అంటుండె. వద్దన్నడని చెప్త తియ్."

నిజంగానే చెప్పేసిందేమోనని సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

"చెప్పిన తాతా" అంది.

మంచి పని చేశావన్నాను.

ఆదివారం పాస్టరమ్మకు నిజం చెప్పాలి. నాకు వినపడలేదమ్మా అని. ఒక్క మాటే. ఇందాకటి నుంచి ఖాళీ గదిలో ఆ మాట అని చూస్తున్నాను, ఇక్కడే నోరు పెగలడం లేదు, ఇక అక్కడ...