ట్రైలరు చలికాలం ఎక్కడ గడిపింది

నార్‌డేల్, మిన్నెసోటా
మార్చి 17, సోమవారం

తమ్ముడు వెర్లిన్‌కి అక్క ఆర్లిస్ దీవెనలతో రాస్తున్నది.

నేనిక్కడ కులాసా, మోకాళ్ళ సంగతి పక్కన పెడితే. నీ తుంటి ఎలా ఉంది? వాకరు పట్టుకుని వరండా చివరిదాకా నడుస్తున్నావని నర్సు రొసాలియా ఫోనులో చెప్పింది. వెళ్ళేటప్పుడు సరే, తిరిగి వచ్చేటప్పుడు కూడా నడిచే వస్తున్నావా, కుర్చీలో తోసుకొస్తున్నారా? అది అడగడం మరిచిపోయాను, రెండు రోజులుగా అదే ఆలోచన. చెవులు ఎలా ఉన్నాయి? నీ గదిలో ఉండే పెద్దాయనకి దగ్గు తగ్గిందా? తగ్గకపోతే మధ్యలో తెర లాక్కో, మొహమాటపడకు. రొసాలియా పాపకి పళ్ళు వచ్చాయా? నీ కూతురు కెండ్రా గొంతు మొన్న బొంగురుగా వినిపించింది, వేడినీళ్ళు తాగమను. ఇక్కడ పక్కింటి డెల్మర్ బాగానే ఉన్నాడు. అతని భార్య జాయిస్‌కి బీపీ మళ్ళీ పెరిగింది. వాళ్ళ కుక్క మాత్రం మా అందరికంటే ఆరోగ్యంగా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. గురువారం కెండ్రా ఫోన్ చేసి ఏడ్చింది. సంత మైదానంలో పశువుల కొట్టం కప్పు కూలిపోయిందని నువ్వు మన ఊరి పేపర్లో చదివావట. అప్పటి నుంచి అన్నం పళ్ళెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పంపుతున్నావట. ఇక ఈ వృద్ధాశ్రమంలోనే ఉండిపోతాను, సంతకం పెట్టే కాగితాలు తీసుకురా అన్నావట. ఎందుకు నాన్నా అని అడిగితే, నా ఇల్లు ఆ కొట్టంలో నలిగిపోయింది, ఇక రావడానికి అక్కడ నాకేముంది అన్నావట. ఆ పేపరు వారం వారం నీకు పోస్టులో పంపేది నేనే కదా. మొదటి పేజీ అయినా చూడకుండా మడిచి కవరులో పెట్టాను, నా చేతులు విరగ!

వెర్లిన్, చక్రాల మీది నీ ఇంటికి, ఆ ట్రైలరుకి ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు. ఈ ముక్క మూడుసార్లు చదువు, ఆ తర్వాతే కిందికి రా.

ఫోనులో చెబుదామంటే నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అది మన ఇద్దరికీ అమ్మ నుంచి వచ్చిన గుణం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నా అక్షరాలు ఎలా ఉంటాయో నీకు తెలిసిందే, కూడబలుక్కుని చదువుకో.

పొలం అమ్మేశాక నీకు ఇల్లంటే అదేనని నాకు తెలుసు. మే నుంచి సెప్టెంబరు దాకా సరస్సు ఒడ్డున ఆ ట్రైలరులో ఉంటావు, చలికాలం నా ఇంటి కింది గదిలో తలదాచుకుంటావు. ఆ కింది గదిని ఒక్కనాడైనా ఇల్లు అనలేదు నువ్వు. నాకేమీ కోపం లేదులే.

కొట్టం కూలింది ఫిబ్రవరి ఇరవై ఏడున, మధ్యాహ్నం మూడింటికి. వారమంతా మంచు కురిసింది, దాని మీద వాన పడింది, అదంతా రాత్రికి రాత్రి గడ్డకట్టింది. జులై సంతలో ఆవుల్ని కట్టే చోట చలికాలం ట్రైలర్లనీ పడవల్నీ పెట్టుకుంటే చాలు, ఇక భయం లేదని ముప్ఫై ఏళ్ళుగా ఊరంతా నమ్మాం కదా. నడిమి దూలం విరిగింది. లోపల మనుషులెవరూ లేరు, అంతవరకు దేవుడి దయ. లవోన్ వాళ్ళ కొత్త ట్రైలరు పొయ్యిలోంచి తీస్తూ జారవిడిచిన కేకులాగా అయిపోయింది. నేను మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చి హాట్‌డిష్ చేసి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. లవోన్ గరిట చేత్తో పట్టుకుని, ఆర్లిస్, ఇంకా ఒక్క రాత్రయినా అందులో పడుకోలేదే, మంచాల మీది ప్లాస్టిక్ కూడా విప్పలేదే అని అంది. ఆ కొట్టం బాగోగులు చూసుకునే గేలెన్ టిమ్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ, ఆవులు లేవు, అది నయం, ఆవులు లేవు, అది నయం అని అదే మాట.

నీ ట్రైలరు మీద ఏ దూలమూ పడలేదు. ఇప్పుడది మన ఇంటి వెనక, ట్రాక్టరు షెడ్డుకి తూర్పు పక్కన, పడమటి గాలి కొట్టని చోట ఉంది. నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.

శనివారం డెల్మర్‌ని తోడు తీసుకుని లోపలంతా చూశాను. గొట్టాల్లో గడ్డకట్టకుండా ఆ గులాబీ రంగు మందునీళ్ళు పోశాం కదా, ఎక్కడా పగుళ్ళు లేవు. డెల్మర్ కుళాయిలు తిప్పి చూశాడు. కప్పు అతుకుల దగ్గర తడి లేదు, నేను వేళ్ళతో తడిమి చూశాను, తర్వాత చెంప ఆనించి చూశాను. టైర్లు పలకల మీద ఉన్నాయి, పగల్లేదు. బ్యాటరీ మా వంటింట్లోనే పలక మీద పెట్టి ఉంచాను. దానికి చలేస్తుందేమో, ఊలు చొక్కా అల్లి తొడగకూడదా అని డెల్మర్ రోజూ నన్ను ఏడిపిస్తాడు. ఎలుకలు రాకుండా కన్నాలన్నింట్లో ఇనప పీచు కుక్కి, మూలమూలలా సబ్బు ముక్కలు పెట్టాను. పద్నాలుగు ముక్కలు పెట్టాను. డెల్మర్ తలుపు తీసి వాసన చూసి, ఏమ్మా ఆర్లిస్, ఎలుకలు రావడం మాట అటుంచు, వచ్చినవి కూడా స్నానం చేసి తల దువ్వుకుని వెళ్ళి ఉంటాయి అన్నాడు. ఒక్క ఎలుక పెంట కూడా లేదు తమ్ముడూ! పరుపు పొడిగా ఉంది. నీ చేపల గాలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బల్ల కింద నువ్వు దాచుకున్న బిస్కట్ల డబ్బా కూడా చూశాను, అన్నీ మెత్తబడిపోయాయి, పారేశాను. షుగరున్న మనిషివి, నీకెందుకవి?

అక్కడే నీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ పద్దెనిమిది రోజుల్లో కుదురుగా కూర్చున్నది అప్పుడే. డెల్మర్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. తాగుతూ తాగుతూ నిద్రపోయానట. మోచేతి కింద గుడ్డ పెట్టి, కాఫీ కప్పు తీసేసి, గంటసేపు బయట నిలబడ్డాడట పాపం. లేచాక, ఇంత బాగా గురక పెట్టే మనిషిని సరస్సు దగ్గరికి రానిస్తే చేపలన్నీ అవతలి ఒడ్డుకి పోతాయి అన్నాడు.

కాబట్టి ఆ కాగితాల మీద సంతకం పెట్టకు. పెన్ను కనిపించలేదని చెప్పు. పళ్ళెంలో పెట్టింది తిను, రుచి లేకపోతే ఉప్పు అడుగు, ఎక్కువ అడగకు. కాళ్ళకి మేజోళ్ళు వేసుకునే నడువు. జాగ్రత్త.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
ఆర్లిస్

మరిచిపోయిన మాట: మరిచిపోలేదు వెర్లిన్, రాయడానికి ధైర్యం చాలలేదు. కవరు అంటించి, కెటిల్ ఆవిరి మీద పెట్టి మళ్ళీ విప్పాను.

నీ ట్రైలరు ఆ కొట్టంలోకి అసలు వెళ్ళనే లేదు. కొట్టంలో పెట్టించాను, నిశ్చింతగా ఉండు అని అక్టోబరులో నేను రాసిన ఉత్తరం అబద్ధం.

తీసుకెళ్ళాను. డెల్మర్ తన పికప్పుకి తగిలించుకుని లాక్కొచ్చాడు. ఆ అక్టోబరు శనివారం వరసలో పన్నెండో బండి మనది. నీకు ఆపరేషన్ అయ్యి అప్పటికి నాలుగు రోజులు. మంచినీళ్ళు కూడా గుటక పడటం లేదని, ఏ మాటా ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడు. మన వంతు వచ్చింది. గేలెన్ ఎప్పుడూ అందరినీ అడిగే మాటే నన్నూ అడిగాడు: ముందు తీసేదా, చివర తీసేదా? చివర తీసేదైతే వెనక గోడకి ఆనించి పెడతాడు, దాని ముందు ఇంకో ముప్ఫై నిలబడతాయి, ఏప్రిల్ ఆఖరు దాకా ఎవరు అడిగినా బయటికి రాదు. ముందు తీసేదైతే సాయంత్రం దాకా ఆగి గుమ్మం దగ్గర పెట్టుకోవాలి.

చివర అంటే, నా తమ్ముడు ఇప్పట్లో రాడని నా నోటితో నేనే చెప్పినట్టు. ముందు అంటే, దేవుడు విని నవ్వుతాడేమోనని భయం. గేలెన్ రెండోసారి అడిగాడు. మూడోసారి, ఆర్లిస్, ఇదేమీ పరీక్ష కాదమ్మా, ఏదో ఒకటి అను అన్నాడు. వెనక వాళ్ళు హారన్ కొట్టలేదు, మనవాళ్ళు కొట్టరు కదా. దిగి వచ్చి, ఏమైనా సాయం కావాలా అని అడిగారు. అది ఇంకా సిగ్గు. ఇంటికి తిప్పు అన్నాను డెల్మర్‌తో.

మూడు మైళ్ళు పోయాక అతను, కొట్టం నిండిపోయిందని చెబుతావా, మనసు మారిందని చెబుతావా, ఏదో ఒకటి ఇప్పుడే అనుకో, నన్నడిగితే నేనూ అదే చెప్పాలి కదా అన్నాడు. నేను రెండూ చెప్పలేదు. నీకు అబద్ధం రాశాను. బయట పెట్టానని తెలిస్తే నీ బెంగంతా దాని మీదే ఉంటుంది, కాలు మీద ఉండదు అనుకున్నాను.

చలికాలమంతా అది ఆరుబయటే ఉంది. మంచు పడ్డప్పుడల్లా నిచ్చెన వేసుకుని, చీపురుకి కర్ర కట్టి దాని నెత్తి మీద మంచు దులిపాను. అరవకు, మూడు మెట్లే ఎక్కాను. డెల్మర్ చూసి పరుగెత్తుకొచ్చి, ఏమ్మా ఆర్లిస్, నువ్వు పడితే నిన్నెక్కడ పెట్టాలి, లోపలా బయటా అన్నాడు. ఆ తర్వాత అతనే దులిపాడు, నేను కింద నిలబడి అక్కడ వదిలేశావు, ఇక్కడ వదిలేశావు అని చెప్పాను.

అబద్ధం రాసినందుకు తిట్టు. పడతాను. ఎదురుగా కూర్చుని తిట్టు.

డాక్టరుతో రొసాలియా మాట్లాడింది. మెట్లకి పట్టుకునే కడ్డీ ఉండి, పిలిస్తే పలికే మనిషి దగ్గర ఉంటే పంపించడానికి అభ్యంతరం లేదన్నాడట. కడ్డీ డెల్మర్ నిన్న బిగించాడు, నేను వేలాడి చూశాను, ఊగలేదు. ఎండలు వచ్చేదాకా కింది గదిలో ఉందువు, తర్వాత నీ ట్రైలరులో, మా వంటింటి కిటికీకి ఎదురుగా. సరస్సు సంగతి జూన్‌లో చూద్దాం. నిన్ను తీసుకురావడానికి డెల్మర్, నేను, కెండ్రా ముగ్గురం వస్తాం. చొక్కాలు సర్దుకో, మందుల చీటీ జేబులో పెట్టుకో. ఏప్రిల్ పన్నెండు, శనివారం, పొద్దున పదింటికి.